గొడవ జుట్టు రంగు గురించి కాదు

ప్రశ్న: అక్కా, మా ఇంట్లో నెల రోజులుగా ఒకటే వాదన. 2005లో వచ్చిన 'కాన్‌స్టంటైన్' సినిమా అంటే నాకు ప్రాణం. దానికి మూలమైన 'హెల్‌బ్లేజర్' కామిక్‌ని మా తమ్ముడు మొదటి సంచిక నుంచీ చదివాడు. ఆ సినిమా పేరెత్తితే చాలు, వాడికి ఒళ్లు మండుతుంది. కామిక్‌లో హీరో జాన్ కాన్‌స్టంటైన్ అనే మంత్రగాడు, బంగారు జుట్టు ఇంగ్లీషువాడు. సినిమాలో కీనూ రీవ్స్, నల్లజుట్టు, ఉండేది లాస్ ఏంజెలెస్‌లో. "ఆ పేరు పెట్టుకునే హక్కే దానికి లేదు" అంటాడు వాడు. "సినిమా వేరు, కామిక్ వేరు" అని నేనంటే నవ్వుతాడు. మూలాన్ని ఇంత వదులుగా పట్టుకున్న సినిమాని వెనకేసుకు రావడం తప్పా? మీరు ఏది చెబితే దానికి ఇద్దరం కట్టుబడతాం.

జవాబు: చెల్లీ, వెనకేసుకు రావడం తప్పు కాదు. నువ్వు ఎంచుకున్న మాట మాత్రం పనికిరాదు. "సినిమా వేరు, కామిక్ వేరు" అంటే వాదన అక్కడితో తలుపేసుకుంటుంది. ఆ ఒక్క మాటతో ఎంత చెత్త సినిమానైనా కాపాడొచ్చు. మీ తమ్ముడి చోట నేనున్నా నవ్వేదాన్నే.

ముందు వాడి వైపు నుంచి చూద్దాం. జాన్ కాన్‌స్టంటైన్ 1985లో 'స్వాంప్ థింగ్' అనే కామిక్‌లో పక్కపాత్రగా పుట్టాడు. రచయిత అలన్ మూర్. బొమ్మలు వేసేవాళ్లకి గాయకుడు స్టింగ్ పోలికలున్న మనిషిని గీయాలని సరదా పుట్టింది. ఆ బంగారు జుట్టు అలా వచ్చిందే. 1988లో సొంతంగా 'హెల్‌బ్లేజర్' మొదలై, 2013 దాకా 300 సంచికలు నడిచింది. అందులో ఇంకో విశేషం ఉంది. మిగతా కామిక్ హీరోల్లో చాలామంది ఎన్ని దశాబ్దాలైనా అదే వయసులో ఉండిపోతారు. కాన్‌స్టంటైన్‌కి మనలాగే ఏళ్లు మీద పడతాయి. 63వ సంచికలో అతనికి నలభయ్యో పుట్టినరోజు కూడా చేశారు. మీ తమ్ముడికి అతను ఒక పాత్ర మాత్రమే అనుకోకు. తనతో పాటు పెద్దవాడైన మనిషి. అలాంటి వాడి పేరు పెట్టుకుని ఎవరో కొత్తవాడు తెర మీదికొస్తే ఒళ్లు మండదూ?

పేరు పలకడం కూడా మారిపోయింది. కామిక్‌లో 'కాన్‌స్టంటైన్', సినిమాలో 'కాన్‌స్టంటీన్'. సినిమాకి వీరాభిమానివై ఉండీ నువ్వు ఉత్తరంలో 'టైన్' అనే రాశావు చూడు. ఆ ఒక్క అక్షరం దగ్గర మీ తమ్ముడు ఎప్పుడో గెలిచేశాడు.

నేను ఇరవై ఏళ్లుగా బొమ్మల కథలు గీస్తూ, మధ్యమధ్యలో సినిమాలకి స్టోరీబోర్డులు, అంటే షాట్లని ముందుగా చూపించే బొమ్మలు, వేస్తూ బతుకుతున్నదాన్ని. ఈ గొడవలో రెండు వైపులా దెబ్బలు తిన్నాను. ఒకటి చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం 24 పేజీల బొమ్మల కథ ఒకటి గీశాను. రైల్వే గేటు కాసే ముసలాయన కథ. అందులో మాటల్లేని పేజీ ఒకటుంది. సమానమైన 12 గడులు, అన్నిట్లోనూ అదే గేటు, నీడ మాత్రం కొంచెం కొంచెంగా జరుగుతుంది. ఆ ఒక్క పేజీకే పదకొండు రోజులు పట్టింది నాకు. ఒక కుర్ర దర్శకుడు వచ్చి దాన్ని షార్ట్ ఫిల్మ్‌గా తీస్తానన్నాడు. సరేనన్నాను. తీసి చూపించాడు. ముసలాయన లేడు, పదిహేడేళ్ల అమ్మాయి ఉంది. నా 12 గడులూ లేవు. వాటి చోట ఒకటే షాట్. గేటు మీద కెమెరా నలభై సెకన్లు కదలకుండా ఉంటుంది, వెళ్లిపోతున్న రైలు చప్పుడు సన్నబడి సన్నబడి ఆగిపోతుంది. దీపాలు వెలిగాక అందరూ చప్పట్లు కొడుతుంటే నేను లేచి వచ్చేశాను. రెండు వారాలు అతని ఫోన్ ఎత్తలేదు.

కోపం తగ్గాక మళ్లీ చూశాను. తీరా చూస్తే నాకు గుచ్చుకున్నది అమ్మాయీ కాదు, ఆ షాటూ కాదు. మాటలు. నా మీద గౌరవంతో, పాత్రల పక్కన బుడగల్లో నేను రాసిన మాటల్ని అక్షరం పొల్లు పోకుండా నటుల చేత చెప్పించాడు మహానుభావుడు. బుడగలో చోటు తక్కువ. ఇరవై, ఇరవై అయిదు మాటలు దాటితే అది బొమ్మని మింగేస్తుంది. అందుకని మేం వాక్యాన్ని కుదించి కుదించి టెలిగ్రాం చేసేస్తాం. కాగితం మీద కన్ను ఆ లోటుని సర్దుకుంటుంది. అదే మాట మనిషి నోట వింటే చెక్క మీద కొట్టినట్టుంటుంది. గౌరవంగా దాచిపెట్టినవన్నీ చచ్చిపోయాయి. తెగించి మార్చినవి బతికాయి. ఆ 12 గడులు నేనెందుకు గీశానో నాకన్నా ఆ కుర్రాడికే బాగా తెలిసింది. పేజీ మీద కాలం పాఠకుడి చేతిలో ఉంటుంది, ఎంతసేపు ఆగాలో తనే చూసుకుంటాడు. తెర మీద ఆ పెత్తనం దర్శకుడిది. నా నీడ చేసిన పని అతని చప్పుడు చేసింది.

అప్పటినుంచీ, మార్పులు ఎన్ని చేశారని లెక్కపెట్టడం మానేశాను. ఏ ఒక్కటి తీసేస్తే ఆ కామిక్ ఇంకే కామిక్ అయినా అయిపోతుందో, దాన్ని సినిమా ఏం చేసిందనే చూస్తాను. మరి హెల్‌బ్లేజర్‌లో అదేమిటి? జుట్టు కాదని మీ తమ్ముడికీ తెలుసు. జుట్టు చటుక్కున కనబడుతుంది కాబట్టి తిట్టడానికి వీలుగా ఉంటుంది, అంతే.

నాకు తోచింది ఇది. కాన్‌స్టంటైన్‌కి మంత్రాలకన్నా నోరే ఎక్కువ ఆయుధం. మాయమాటలు చెప్పి దయ్యాల్ని బోల్తా కొట్టిస్తాడు. ఆ మోసాల ఖర్చు మాత్రం పక్కనున్నవాళ్లు కడతారు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జరిగింది మీ తమ్ముణ్ణి అడుగు, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కుర్రతనపు పొగరుతో చేసిన ఒక భూతవైద్యం వికటించి, ఆస్ట్రా అనే చిన్నపిల్ల అతని కళ్లముందే నరకం పాలవుతుంది. 300 సంచికల్లో అతను ఎక్కడికి పోయినా ఆ పిల్ల వెంటే ఉంటుంది.

సినిమా కథకి ప్రాణం పోసింది 41 నుంచి 46 దాకా ఉన్న సంచికలు. 1991లో గార్త్ ఎన్నిస్ రాశాడు. అందులో కాన్‌స్టంటైన్‌కి ఊపిరితిత్తుల కేన్సర్. ఏ మంత్రమూ పనిచేయదు. పైగా నరకాధిపతుల్లో ఒకణ్ణి అంతకుముందే ఘోరంగా అవమానించి ఉన్నాడు, వీడు ఎప్పుడు చస్తాడా అని వాడు కాచుకుని కూర్చున్నాడు. అప్పుడేం చేస్తాడంటే, మిగతా ఇద్దరు నరకాధిపతులకీ ఒకరికి తెలియకుండా ఒకరికి తన ఆత్మని అమ్మేసి, మణికట్లు కోసుకుంటాడు. ముగ్గురూ పరిగెత్తుకొస్తారు. ఆత్మ కోసం కొట్టుకుంటే నరకం ముక్కలై స్వర్గం గెలుస్తుంది. కొట్టుకోకుండా ఉండాలంటే ఒకటే దారి, వీణ్ణి చావనివ్వకూడదు. గత్యంతరం లేక వాళ్లే కేన్సర్ నయం చేసి పోతారు. అందులో పుణ్యం చుక్కయినా లేదు. పచ్చి కంత్రీతనం. చదువుతుంటే నాకు ఈల వేయాలనిపించింది.

సినిమాలో కేన్సర్ ఉంది. మణికట్లు కోసుకోవడం ఉంది. సైతానే స్వయంగా రావడం, వాడే తన చేతులతో ఊపిరితిత్తుల్లోంచి నల్లటి తారు లాగి పడేయడం, అన్నీ ఉన్నాయి. కీలు ఒకటే మార్చారు. సైతాను ఏం కావాలో కోరుకోమంటే కాన్‌స్టంటైన్ తన ప్రాణం అడగడు. ఆత్మహత్య చేసుకుని నరకంలో పడ్డ ఇసబెల్ అనే అమ్మాయిని వదిలిపెట్టమంటాడు. ఆ త్యాగానికి స్వర్గం తలుపులు తెరుచుకుంటాయి, పైకి తేలిపోతూ సైతానుకి మధ్యవేలు చూపిస్తాడు. వీడు స్వర్గానికి పోవడం వాడు చూడలేడు. బతికుంటే మళ్లీ పాపం చేసి తన దగ్గరికే వస్తాడు కదా అని కేన్సర్ పీకేస్తాడు.

మోసం కాస్తా త్యాగమైపోయిందని మీ తమ్ముడంటాడు. ఆ మాట నేను కొట్టిపారేయను. అయితే సినిమాని మొదటినుంచి చూసుకుంటూ రా. అతను దయ్యాల్ని తరమడమంతా స్వర్గంలో సీటు కొనుక్కోడానికే. ఆ బేరం కుదరదని దేవదూత గాబ్రియేల్ వాడి మొహానే చెబుతుంది. రోజుకి 30 సిగరెట్లు, పదిహేనో ఏటి నుంచీ. అలాంటి బేరగాడు చివర ఒక్కసారి బేరం మానేస్తే ఏమవుతుందనేది సినిమా వేసుకున్న ప్రశ్న. నిజంగానే మానేశాడా, రూల్సు తెలిసినవాడు కాబట్టి సైతాను అహంకారాన్ని ముందే లెక్కగట్టాడా? ఆ మధ్యవేలు చూసినప్పుడల్లా నాకు అనుమానమే. ఆ అనుమానం మిగిల్చారు చూడు, అందుకోసమైనా నేను ఆ సినిమా పక్షాన నిలబడతాను. నరకంలో ఉన్న అమ్మాయిని విడిపించడం అనే ముడి చూస్తే, ఆస్ట్రా పేరు ఎత్తకుండానే ఆ పిల్ల నీడ వాళ్ల మీద పడిందనిపిస్తుంది.

నరకాన్ని చూపించిన తీరు కూడా బలే ఉంటుంది. అదే ఊరు, అవే రోడ్లు, అవే కార్లు, కాకపోతే అణుబాంబు పేలుడు ఆగకుండా సాగుతూనే ఉన్నట్టు. దర్శకుడు ఫ్రాన్సిస్ లారెన్స్‌కి అది మొదటి సినిమా అంటే నమ్మబుద్ధి కాదు. సాలీడు మీద గ్లాసు బోర్లించి, లోపలికి సిగరెట్ పొగ వదిలే చోటొకటుంది కదా. వాడి జీవితమంతా ఆ గ్లాసులో ఉంది. బొమ్మలు గీసేదాన్ని కాబట్టి అంటున్నాను, అంత బాగా కుదిరిన గడి నేను ఇంతవరకూ గీయలేదు.

ఇక సినిమా ఓడిపోయిన చోటు. కామిక్‌లో చాస్ అతని పాత దోస్తు. టాక్సీ నడుపుకునే సంసారి. కాన్‌స్టంటైన్ తలుపు తట్టిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుంది, అయినా కారు తీస్తాడు. సినిమాలో ఆ చాస్‌ని కుర్ర శిష్యుణ్ణి చేసి, నాలుగు జోకులు వేయించి, చివర్లో చంపేశారు. మనం ఏడవడానికి కూడా వ్యవధి లేదు. సినిమా హీరోని తొలిచేది తన పాపమే, చిన్నప్పుడు చేసుకున్న ఆత్మహత్యాప్రయత్నం. కామిక్ హీరోని తొలిచేది ఇంకొకరి బిడ్డ. ఈ తేడా ముందు జుట్టు రంగెంత? ఇక్కడ నేను పూర్తిగా మీ తమ్ముడి పక్కనే ఉన్నాను, ఈ ముక్క వాడికి చదివి వినిపించు.

వేషం కుదిరిన కాన్‌స్టంటైన్ కూడా వచ్చాడు తర్వాత. 2014లో టీవీ సీరియల్. మాట్ రయన్, బంగారు జుట్టు, ఇంగ్లీషు యాస, కోటు, వదులు టై, అన్నీ అతికినట్టు సరిపోయాయి. ఆస్ట్రా కథ కూడా ఉంది. 13 ఎపిసోడ్లతో ఆగిపోయింది. నాకు ఆ నటుడంటే ఇష్టం. కానీ టీవీ కట్టుబాట్ల వల్ల అందులో సిగరెట్‌ని దాచి దాచి చూపించాల్సి వచ్చింది. జుట్టు తప్పిన సినిమాలో సిగరెట్టే వెన్నెముక, జుట్టు కుదిరిన సీరియల్లో అదే నోట్లో నిలవలేదు. ఏది వదులు, ఏది బిగువు? మీ ఇద్దరూ ఈ వారం దీని మీద కొట్టుకోండి.

సాధారణంగా వినిపించే సమర్థనలు రెండున్నాయి, వాటిని మాత్రం వాడకు. ఒకటి, "మన కవులు భారతాన్ని మార్చి రాయలేదా" అనేది. అక్కడ మూలకథ వినేవాళ్లందరికీ ముందే తెలుసు, మార్చినచోటు చెవికి పట్టుబడేది. కాన్‌స్టంటైన్ సినిమాకి వెళ్లినవాళ్లలో ఎందరికి ఆస్ట్రా తెలుసు? రెండోది, "కామిక్ ఎక్కడికీ పోలేదు, అల్మరాలోనే ఉంది" అనేది. ఇది నేనూ చాలాకాలం వాడాను. సినిమా చూసినవాళ్లలో ఎక్కువమంది ఆ అల్మరా దగ్గరికే వెళ్లరు. వాళ్లకి సినిమాయే మూలం. అందుకే వదులుగా తీసేవాడి మీద బరువు ఎక్కువే ఉంటుంది.

మార్చినవాడు మూలాన్ని అవమానించినట్టేనని మీ తమ్ముడంటే 'అకిరా' గుర్తుచెయ్యి. కత్సుహిరో ఒటోమో ఆ మాంగాని, అంటే జపాన్ కామిక్‌ని, 1982లో మొదలుపెట్టి 1990లో ముగించాడు. ఆరు సంపుటాలు, రెండు వేల పేజీలకి పైనే. సినిమాని 1988లో, అంటే మాంగా ఇంకా నడుస్తుండగానే, తనే తీశాడు. మాంగాలో అకిరా నిద్రలేచి నడిచే పసివాడు. సినిమాలో ఆ పిల్లవాడు గాజు సీసాల్లో దాచిన అవయవాల ముక్కలుగా మాత్రమే మిగిలాడు. పేరు పెట్టిన పాత్రనే సీసాలో పెట్టేశాడాయన! వేరే ఎవరైనా ఆ పని చేసి ఉంటే? 2013లో వచ్చిన 'స్నోపియర్సర్' దర్శకుడు బోంగ్ జూన్ హో కూడా 1982 నాటి ఫ్రెంచి కామిక్ నుంచి రైలునీ, మంచునీ, పెట్టెపెట్టెకీ మారే తరగతుల్నీ తీసుకుని, మనుషులందర్నీ కొత్తగా అల్లుకున్నాడు. కామిక్‌కి బొమ్మలేసిన రోషెట్ అలిగి కూర్చోలేదు. సినిమాలో ఒక పాత్ర గీసే బొమ్మలు ఆయనవే.

కట్టుబడతామన్నారు కాబట్టి తీర్పు. సినిమాని వెనకేసుకు రా. చాస్ దగ్గర మాత్రం నోరు మూసుకో.

ప్రశ్న: ఇంత తంటా ఎందుకండీ? కామిక్‌లో ఉన్నది ఉన్నట్టు, గడి గడికీ దించేస్తే ఎవరికీ బాధ ఉండదు కదా?

జవాబు: కొన్నిసార్లు కుదురుతుంది. 'సిన్ సిటీ' (2005) అలాగే తీశారు. కామిక్ గీసిన ఫ్రాంక్ మిల్లర్‌నే సహదర్శకుడిగా పక్కన పెట్టుకుని, ఆయన గడుల్నే స్టోరీబోర్డుగా వాడాడు దర్శకుడు రోడ్రిగెజ్. ఆ కామిక్ పాత నలుపు తెలుపు నేర సినిమాల నీడల్లోంచి పుట్టింది. తెర దానికి పుట్టిల్లే.

'వాచ్‌మెన్' కథ వేరు. 1986లో మొదలైన 12 సంచికల కామిక్ అది. చాలా పేజీలు తొమ్మిది గడుల చట్రంలో కదలకుండా నిలబడతాయి. అయిదో సంచికలో మొదటి పేజీ అమరికకీ చివరి పేజీ అమరికకీ జోడీ కుదురుతుంది, రెండోదానికి చివరినుంచి రెండోది, అలా నడిమికి వచ్చేసరికి అద్దం మడతపెట్టినట్టుంటుంది. వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంటేనే అది తెలుస్తుంది. 2009 సినిమాలో బోలెడు ఫ్రేములు కామిక్‌లోంచి దిగినవే. దర్శకుడు జాక్ స్నైడర్ శ్రద్ధకి వంక పెట్టను. కానీ హాల్లో కూర్చున్నవాడు పేజీ వెనక్కి తిప్పలేడు కదండీ. బొమ్మలు దిగాయి, మడత దిగలేదు. ముగింపులో నగరం మీద పడే రాక్షస జీవిని తీసేశారని అభిమానులు గోల చేశారు. నాకు ఆ మార్పు అంతగా పట్టలేదు. స్లో మోషన్ ఫైట్లే పట్టాయి. ఆ కామిక్‌లో దెబ్బలాట చూస్తే అసహ్యం పుడుతుంది. సినిమాలో ముచ్చటేస్తుంది.

ప్రశ్న: మీరు చచ్చినా సమర్థించని సినిమా ఒక్కటి చెప్పండి.

జవాబు: 1995 'జడ్జ్ డ్రెడ్'. పోలీసూ, జడ్జీ, శిక్ష వేసేవాడూ తనే అయిన ఆ పాత్ర 1977 నుంచి కామిక్‌లో ఉంది, ముఖం మాత్రం పాఠకులకి పూర్తిగా చూపించరు. హెల్మెట్ తియ్యడు. ఎందుకంటే అతను మనిషిలా ఉండకూడదు, చట్టంలా ఉండాలి. సినిమాలో స్టాలోన్‌ని పెట్టుకుని హెల్మెట్ తీయించేశారు. అంత పెద్ద స్టార్‌కి డబ్బిచ్చి మొహం దాచమంటే నిర్మాతకి మనసొప్పదు, అది నాకూ అర్థమవుతుంది. కథలో మాత్రం కామిక్‌లోని వంశవృక్షాలు, అన్నదమ్ములు, ఊళ్లు బోలెడు తెచ్చిపెట్టుకున్నారు.

2012లో మళ్లీ తీశారు, 'డ్రెడ్' పేరుతో. పేరున్న కామిక్ కథ ఏదీ అందులో లేదు. 200 అంతస్తుల భవనం ఒకటి, అందులో ఇద్దరు జడ్జీలు ఇరుక్కుంటారు, అంతే కథ. కార్ల్ అర్బన్ మొదటినుంచి చివరిదాకా హెల్మెట్‌లోనే ఉంటాడు, గడ్డం ఒక్కటే నటిస్తుంది. అది చూసి ఇంటికొచ్చి పాత కామిక్‌లు దించి తెల్లారేదాకా చదివాను. 1995 సినిమాలో హెల్మెట్ తీసినప్పుడు నేను టీవీ కట్టేశాను. మిగతాది చూడటానికి మూడేళ్లు పట్టింది.